ఆఖరి పావుగంట గేటు

గేటు మీద పని అంటే టికెట్టు చింపడమేననుకుని చేరతారు అందరూ. నేనూ అలాగే చేరాను. ఈ నౌకరీ చూపించిన మా మేనమామ, "కూసోని చింపుడే ప్రకాశం, చేతులు గూడ నొయ్యవు" అని చెప్పి పంపాడు. మొదటి మ్యాచ్ నాడు కూర్చోవడానికి స్టూలే లేదని తెలిసింది. రెండో మ్యాచ్ నాడు చొక్కా గుండీలు పోయాయి. ఆ తర్వాతి ఆదివారం చర్చి నుంచి నేరుగా ఇస్త్రీ బట్టల మీద డ్యూటీకి వచ్చి, ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ గుర్తుపట్టలేదు. మళ్ళీ ఆ పని చేయలేదు.

ఇప్పుడు స్టేడియాల్లో గేటు ఉద్యోగాలకు చేరే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. మిషన్లు వచ్చాయి, కెమెరాలు వచ్చాయి, ఇంకేం నేర్చుకోవాలి అంటారు. మిషన్ టికెట్టును చూస్తుంది నాయనా, మనిషిని మీరే చూడాలి. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఎవరు అడ్డుపడ్డారో మీకెందుకు. నాకు పని నేర్పిన ఒక పెద్దాయన గురించి, ఒక ఫైనల్ మ్యాచ్ గురించి చెప్తాను. అంతకంటే నాకు తెలిసింది కూడా పెద్దగా లేదు.

కాళ్ళు చూడు

మా మైదానం మూసీ ఒడ్డున ఉండేది. అఫ్జల్‌గంజ్ నుంచి పుల్ మీదుగా ఏరు దాటి పాతబస్తీలోకి దిగితే దగ్గరే. ఏటికీ రోడ్డుకీ మధ్య స్థలం ఇరుకు కాబట్టి మైదానాన్ని ఏటి వెంబడి తూర్పు పడమరగా పరిచారు. ఒక గోలు తూర్పున, ఒకటి పడమరన. ఫుట్‌బాల్ మైదానం అట్లా కట్టకూడదంటారు, సాయంత్రం ఎండ ఒక గోల్‌కీపర్ కళ్ళల్లో పడుతుందని. కట్టినవాళ్ళకు ఆ సంగతి తెలియదో, తెలిసినా స్థలం లేదో. మొత్తానికి తూర్పు గోలులో నిలబడ్డవాడికి సాయంత్రం నరకమే. ఆ తూర్పు గోలు వెనకే నా గేటు.

నాకు పని నేర్పింది రజాక్ సాబ్. మా అందరి మీద పెద్ద ఆయనే. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఒకటే నల్ల షేర్వానీ. జనం కిటకిటలాడుతుంటే కూడా గొంతు పెంచేవాడు కాదు. నేను చేరిన కొత్తలో టికెట్టు పట్టుకుని ముందుకు చాచిన చేతుల్నే చూస్తూ గాభరాపడుతుంటే నా గడ్డం పట్టుకుని తల కిందికి వంచాడు. "హాత్ నక్కో దేఖో మియా, పావ్ దేఖో" అన్నాడు.

చేతులు ఎప్పుడూ తొందరగానే ఉంటాయి. కాళ్ళే అసలు సంగతి చెప్తాయి. జనం అడుగులు వేస్తున్నంతసేపు ఫికర్ లేదు. అడుగు వేయడం మాని, కాళ్ళు నేల మీద జరగడం మొదలైందంటే వెనక నుంచి ఎవరో తోస్తున్నారని అర్థం. అప్పుడు గేటు దగ్గరున్న మనిషి మీద అరిచి లాభం లేదు. అతను తన ఇష్టంతో రావడం లేదు.

ఒకసారి వాన మొదలైంది. మా పైన ఉన్న ఒక అధికారికి తడుస్తున్న జనాన్ని చూసి జాలేసి, గేటు రెండు రెక్కలూ ఒక్కసారే తీయించాడు. మంచి మనసుతోనే చేశాడు. క్షణంలో ముందువాళ్ళు పడ్డారు, వాళ్ళ మీద వెనకవాళ్ళు పడ్డారు. రజాక్ సాబ్ గేటు మూయమనలేదు, లాఠీ అడగలేదు. జనం చివరి వరస దాకా వెళ్ళి, ఆ బురదలో, ఆ షేర్వానీతో, చతికిలబడి కూర్చున్నాడు. పక్కవాడి చెయ్యి పట్టుకుని వాణ్నీ కూర్చోబెట్టాడు. "బైఠో బాబా, బైఠో" అంటూ ఆ పక్కవాణ్ని, ఆ పక్కవాణ్ని. వెనక నుంచి తోపు ఆగింది. ముందు పడ్డవాళ్ళు లేచారు. ఒకామె చెయ్యి విరిగింది గానీ ఎవరి ప్రాణమూ పోలేదు.

అంతా అయ్యాక గేటు దగ్గర చెప్పులు గుట్టగా మిగిలాయి. రజాక్ సాబ్ సాయంత్రందాకా వాటిని జతలు జతలుగా ఏరి గోడ పక్కన వరుసగా పెట్టాడు, వచ్చినవాళ్ళు వెతుక్కోవద్దని. నన్ను కూడా ఏరమన్నాడు. జనాన్ని ఆపాలని చూడకు, నిలబడ్డ జనాన్ని ఎవడూ ఆపలేడు, కూర్చున్న జనం ఎవరినీ తొక్కదు అని అప్పుడే చెప్పాడు. ఒక చేతిలో ఎవరిదో చిన్న పాప చెప్పు పట్టుకుని దాని జత కోసం చూస్తూ చెప్పాడు కాబట్టి నాకు మనసులో నాటుకుపోయింది.

వాళ్ళు వచ్చే తీరు

లోపల ఆట ఎట్లా జరిగిందో మీకు చెప్పలేను. ముప్పావు వంతు మ్యాచ్‌లకు నేను ఆటకు వీపు పెట్టి నిలబడ్డవాణ్ని. జనం వచ్చే తీరు మాత్రం కళ్ళు మూసుకుని చెప్పగలను.

సికింద్రాబాద్ వైపువాళ్ళు డబుల్ డెక్కర్లలో అఫ్జల్‌గంజ్ దాకా వచ్చి పుల్ మీద నడిచి వచ్చేవాళ్ళు. నీటుగా ఉండేవాళ్ళు, తల దువ్వుకుని, జేబులో రుమాలు. పుల్ మధ్యకు వచ్చేదాకా మాటలు వినిపించేవి, మూసీ వాసనకు ముక్కు మూసుకుని అక్కడి నుంచి ఉరికేవాళ్ళు. కాబట్టి గేటు దగ్గరికి వచ్చేటప్పటికే ఆయాసంగా ఉండేవాళ్ళు.

మా బహదూర్‌పురావాళ్ళ రాక వేరు. ముందుగా మర్ఫా డప్పుల మోత వినిపించేది. బార్కస్ బస్తీ నుంచి సాలెం భాయ్ దళం డప్పులు వాయిస్తూ ముందు నడిచేది. ఆ వెనక తోళ్ళ పనివాళ్ళు, మేస్త్రీలు, సైకిళ్ళకు ఖాళీ పాలక్యాన్లు తగిలించుకుని పాలవాళ్ళు, పల్లీలు ఒలుచుకు తింటూ ముసలివాళ్ళు. అందరూ ఒక్కసారే రావాలి, అదీ వాళ్ళ పట్టింపు. ఎవరైనా ముందే వచ్చినా లోపలికి పోకుండా గేటు అవతల వేపచెట్టు కింద నిలబడేవాళ్ళు. మర్ఫా వచ్చాకే కదిలేవాళ్ళు. దాంతో నాకు గంటసేపు పనుండేది కాదు, ఆ తర్వాత ఊపిరి ఆడేది కాదు.

ఒకసారి వాళ్ళకు ఒక పెళ్ళి బరాత్ ఎదురైంది. అది కూడా మర్ఫానే. రెండు దళాలూ పోటాపోటీగా వాయించుకుని ఒక్కటైపోయాయి. పెళ్ళికొడుకు మొహం మీద పూల సెహ్రాతో సహా నా గేటు దాకా వచ్చేశాడు. టికెట్టు అడిగితే సెహ్రా పక్కకు తీసి, "పది నిమిషాలు భాయ్, మా మామ ఇంకా సందులోనే ఉన్నడు" అని బతిమాలాడు. మొదటి సగం చూసి, మామ వచ్చి చెయ్యి పట్టుకుంటే గానీ వెళ్ళలేదు. ఆ పిల్లతో సంసారం బాగానే చేశాడని తర్వాత విన్నాను.

పావుగంట జనం

మా మైదానంలో ఒక ఆచారం ఉండేది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, రజాక్ సాబ్‌కూ తెలియదు. ఆట ఆఖరి పావుగంట ఉందనగా గేటు తీసేసేవాళ్ళం. టికెట్టు కొనలేనివాళ్ళు, డ్యూటీ దిగి వచ్చినవాళ్ళు, బండ్లు వదిలి రాలేనివాళ్ళు అప్పుడు లోపలికి వచ్చి నిలబడి చూసేవాళ్ళు. వాళ్ళను మేము పావుగంట జనం అనేవాళ్ళం. అరవడంలో, ఏడవడంలో వాళ్ళే ముందు. మిగతా ఆటంతా బయట నిలబడి గ్యాలరీ చప్పుళ్ళు విని మనసులో దాచుకున్నది ఆ పావుగంటలో తీర్చుకునేవాళ్ళు.

వాళ్ళలో రిక్షా మల్లేశం ఒకడు. బహదూర్‌పురా మనిషి. కిరాయి రిక్షా తొక్కేవాడు. మ్యాచ్ రోజు ముసలివాళ్ళనూ కాళ్ళు లేనివాళ్ళనూ మైదానానికి తెచ్చి దింపి, ఆఖరి సవారీ అయ్యాక రిక్షాను నా గేటు పక్కన ఆపేవాడు. గేటు తెరిస్తే కూడా లోపలికి వచ్చేవాడు కాదు. గడప మీద నిలబడి ఒక చెయ్యి రిక్షా హ్యాండిల్ మీదే ఉంచేవాడు. ఆ రోజుల్లో రిక్షాలు మస్తు పోయేవి, పోతే యజమానికి ఏం చెప్తాడు? బహదూర్‌పురా గోల్‌కీపర్ యాదగిరి అతని కొడుకు. కొడుకు ఇచ్చే పాస్ ఎప్పుడూ వేరేవాళ్ళకు ఇచ్చేసేవాడు. ఎందుకట్లా అని అడిగితే బండి ఎవరు చూస్తారనేవాడు. ఇంకోసారి అడిగితే, "మొదటి సంది చూస్తే నా పానం ఆగదే ప్రకాశన్నా, ఆఖరుకు ఇంతంత చూస్త, సాలు" అన్నాడు.

అతను నిలబడే చోటి నుంచి తూర్పు గోలు ఒక్కటే కనిపించేది, అదీ వెనక నుంచి. అన్నేళ్ళూ కొడుకు ఆట అంటే అతను చూసింది కొడుకు వీపే.

ఇక్కడ ఇంకొకరి గురించి చెప్పాలి. బహదూర్‌పురా కెప్టెన్ ఖాదర్. సైకిల్ షాపు అతనిది, మంచి ఆటగాడు, కానీ టాస్ గెలిచాడంటే చాలు, గ్యాలరీ అంతా తల పట్టుకునేది. టాస్ గెలిచినవాడు ఏ వైపు కావాలో కోరుకుంటాడు కదా. తెలివైనవాడు ఎవడైనా ఎండ దిగిన రెండో సగంలో తన గోల్‌కీపర్‌ను పడమర గోలులో ఉంచుకుంటాడు, ఎండ వీపుకు తగిలేట్టు. ఖాదర్ ప్రతిసారీ తిరకాసుగా కోరుకునేవాడు. సగం ఆట అయ్యాక యాదగిరి వచ్చి నా గేటు ముందు, ఎండకు ఎదురుగా, కళ్ళు చికిలించుకుని నిలబడేవాడు. టాస్ ఓడితే ఎదుటివాళ్ళు వాళ్ళ లాభం కోసం అదే అంటగట్టేవాళ్ళు. ఖాదర్‌కు తూర్పూ పడమరా తెలియదని, నమాజుకు ఎటు తిరగాలో కూడా ఎవరినో అడుగుతాడని గ్యాలరీలో ఎగతాళి. నేనూ నవ్వినవాణ్నే.

ఫైనల్ నాడు

డెబ్బైల్లో ఒక ఏడు బహదూర్‌పురా జట్టు కింది డివిజన్‌లో పైకి వచ్చింది. సికింద్రాబాద్ వైపు జట్టుతో ఒక్క మ్యాచ్ మిగిలింది. గెలిచినవాళ్ళు పై డివిజన్‌కు పోతారు. పై డివిజన్ ఆటలన్నీ నగరం అవతల పెద్ద స్టేడియంలో. అక్కడికి రిక్షాలు రానివ్వరు, పావుగంట గేటూ లేదు.

అప్పటికి రజాక్ సాబ్ రిటైరయ్యాడు. తూర్పు గేటు నా చేతిలో ఉంది. మైదానం సెక్రటరీగా కొత్తాయన వచ్చాడు. చెడ్డవాడు కాదు. నిజం చెప్పాలంటే మాకు తాగునీటి కుండలు, స్టూళ్ళు పెట్టించింది ఆయనే. కానీ వానరోజు సంగతి ఎవరో చెప్పగా విని భయపడ్డాడు. ఫైనల్‌కు జనం విపరీతంగా వస్తారు, ఈసారి ఆఖరి పావుగంట గేటు తెరిచేది లేదు, టికెట్టు లేని ఒక్క మనిషి లోపలికి రాకూడదు అని ఆర్డర్ వేశాడు. నాకు బాధ అనిపించినా ఆయనది తప్పనలేకపోయాను. పావుగంట జనం ఆ రోజు నాలుగింతలు ఉంటారని నాకూ తెలుసు.

మధ్యాహ్నం నుంచే మొదలైంది రాక. పుల్ మీద సికింద్రాబాద్ వాళ్ళు అంచు నుంచి అంచుకు నిండిపోయారు. ఇటు నుంచి మర్ఫా వినిపించింది గానీ ఎంతకీ దగ్గరికి రాదు, అంత జనం. పాలవాళ్ళు సాయంత్రం పాలు ముందే పిండి వచ్చారని, బర్రెలు ఇయ్యాల లొల్లి చేసినయని ఒకాయన నవ్వుతూ చెప్పాడు. జనం మధ్యలో మల్లేశం రిక్షా, దాంట్లో ఇద్దరు ముసలివాళ్ళు. వాళ్ళను దింపి, సీటు తువ్వాలతో దులిపి, అలవాటుగా గేటు పక్కన ఆపాడు. నేను అతని మొహం చూడలేదు. ఎట్లా చెప్పాలి?

ఆటగాళ్ళు కూడా ఆ రోజు నా గేటు నుంచే లోపలికి పోయారు. ఖాదర్ వెనక్కి తిరిగి వచ్చి, మామూలుగా అడిగినట్టే, పావుగంట గేటు తెరుస్తున్నారు కదా అన్నాడు. లేదు భాయ్, ఆర్డర్ వచ్చిందన్నాను. అతని మొహం వాడిపోయింది. వంగి బూటు లేసు బిగించుకుని లేచాడు.

"ప్రకాశన్నా, నేను ఎప్పుడు గీ గోలే ఎందుకు తీసుకుంటనో ఎరికేనా?"

"నీకు తూర్పు పడమర తెల్వదంటరు గదా" అన్నాను, నవ్వించుదామని.

అతను నవ్వలేదు. "మల్లేశన్న గడప మీదికి రాంగనే రిక్షా గంట ఒక్కసారి కొడ్తడు. యాదగిరి ఎన్కకు సూడడు. చెయ్యి ఎన్కకు పెట్టి పంజా ఒక్కసారి తెరుస్తడు. గంతే. గా గంట ఇన్నంక వాని సేతుల కెల్లి బాల్ పోదన్నా. ఎండ నా దోస్తుకు ఏం జేస్తది? వాళ్ళ బాపు ఆడ ఉండాలె, గంతే నాకు" అన్నాడు. మళ్ళీ, ఎవరికీ చెప్పొద్దన్నాడు. వాళ్ళిద్దరికి కూడా ఈ సంగతి తెలియదట. ఎండ సంగతి తెలియని మొద్దు అనుకుంటే అనుకోనీ అని వెళ్ళిపోయాడు.

ఆ పంజా నేను ఎన్నోసార్లు చూశాను. వేళ్ళ తిమ్మిరి వదిలించుకుంటున్నాడేమో అనుకున్నాను. పదేళ్ళు ఎగతాళి పడ్డాడు ఆ మనిషి, ఒక్క స్నేహితుడి తండ్రి కోసం.

మల్లేశం దగ్గరికి పోయి ఆర్డర్ సంగతి చెప్పాను. తల ఊపాడు. గెలిస్తే ఇంక ఇక్కడ ఆడరు కదా, నీకు ఇదే ఆఖరు కదా అన్నాను. "గెలువాలె అన్నా. నేను సూసుడు ఏముంది, మా పోరడు పైకి పోవాలె" అన్నాడు. చెయ్యి మాత్రం హ్యాండిల్ మీద గంటను తడుముతూనే ఉంది.

టాస్ ఖాదరే గెలిచాడు. ఏం కోరుకున్నాడో చెప్పనక్కర్లేదు. గ్యాలరీ తల పట్టుకుంది.

తెరిచిన గేటు

మొదటి సగంలోనే బహదూర్‌పురా ఒక గోలు కొట్టింది. సగం ఆట అయ్యాక యాదగిరి తూర్పు గోలుకు వచ్చాడు. ఎండ సూటిగా కళ్ళల్లో. సికింద్రాబాద్ వాళ్ళు అదను చూసి పైనుంచి పైనుంచి బాల్స్ వేయడం మొదలుపెట్టారు. యాదగిరి రెండుసార్లు తడబడ్డాడు. ఒకసారి బాల్ చేతిలోంచి జారింది, ఖాదర్ అడ్డం పడి తన్నేశాడు. యాదగిరి మాటిమాటికీ వెనక్కి చూస్తున్నాడు. ఎప్పుడూ వెనక్కి చూడనివాడు. గేటు మూసే ఉంది. బయట మల్లేశం గంట కొడుతున్నాడేమో, మర్ఫాలో ఏం వినపడుతుంది?

నేను చిన్న తలుపు నుంచి బయటికి వెళ్ళాను. వేపచెట్టు దాటి రోడ్డు మలుపు దాకా తలలే. వంగి కాళ్ళు చూశాను. కాళ్ళు జరుగుతున్నాయి. గేటు తీస్తే చాలు, వానరోజుకు పదింతలవుతుంది. తీయకపోయినా పావుగంట వచ్చిందని తెలిసినవాళ్ళు ఇంకాసేపట్లో తోయడం మొదలుపెడతారు. ఆర్డర్ మంచిదే, కానీ బయట ఇంత జనం నిలబడి ఉంటారని ఆర్డర్‌కు తెలియదు.

సాలెం భాయ్ దగ్గరికి పోయి చెవిలో అడిగాను, డప్పు ఆపమని. మర్ఫా మోగుతుంటే పాతబస్తీలో ఎవడూ కూర్చోడు, ఒంట్లో ఎముకలే కూర్చోనివ్వవు. ఆయన ఎందుకు అనలేదు. చెయ్యి ఎత్తాడు, డప్పులు ఆగాయి. ఆ ఉన్నట్టుండి వచ్చిన నిశ్శబ్దంలో నేను జనం చివరి వరస దాకా వెళ్ళి, రజాక్ సాబ్ చేసినట్టే నేల మీద కూర్చున్నాను. పక్కవాడి చెయ్యి లాగాను. ముందు రిక్షా పక్కన సాలెం భాయ్ డప్పు ఒళ్ళో పెట్టుకుని తానూ కూర్చున్నాడు. "బైఠో భాయ్, బైఠో." అందరూ కూర్చుంటే గేటు తీస్తా, ఒక్కరు లేచినా మూస్తా, లోపలికి ఎవరూ రావద్దు, కూర్చున్నకాడ్నుంచే చూడాలె అని చెప్పాను. ఆ మాట ముందుకు పాకింది. పాలక్యాన్లు తిరగేసి వాటి మీద ముసలివాళ్ళను కూర్చోబెట్టారు. సికింద్రాబాద్ కుర్రాళ్ళు రుమాళ్ళు పరిచి బహదూర్‌పురావాళ్ళ పక్కనే కూర్చున్నారు. అంత జనం అట్లా కూర్చోవడం నేను జన్మలో చూడలేదు.

మల్లేశం ఒక్కడే రిక్షా పట్టుకుని నిలబడ్డాడు, కూర్చుంటే కనపడదు కదా. వెనక నుంచి ఎవరో, అన్నా నువ్వు సీట్ల కూసో, ఇయ్యాల నువ్వే సవారీ అన్నారు. నలుగురు కలిసి రిక్షాను గేటుకు ఎదురుగా తిప్పారు. మల్లేశం సిగ్గుపడుతూ సీటులో అంచున కూర్చున్నాడు, కిరాయి ఇవ్వని మనిషి కూర్చున్నట్టు.

కూర్చున్నవాళ్ళ మధ్య నుంచి తిరిగి వచ్చి గేటు ఒక రెక్క తీశాను. ఎవరూ కదలలేదు. లోపల నుంచి సెక్రటరీగారు పరుగున వచ్చాడు, మొహం తెల్లబోయి ఉంది. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన గేటు బయటికి చూశాడు. రోడ్డు నిండా కూర్చున్న మనుషులు, మెడలు సాచి, ఊపిరి బిగబట్టి. ఒక్క రెక్కే తీస్తే రిక్షాలో మనిషికి కనపడటం లేదని ఆయనే గమనించాడు. "రెండోది కూడా తియ్యి ప్రకాశం" అన్నాడు మెల్లగా. తానే గడియ పట్టుకుని నాతో పాటు లాగాడు.

సీటులో కూర్చున్న మల్లేశానికి గంట అందదు. వంగబోతే సాలెం భాయ్ చెయ్యి చాచి కొట్టాడు, ఒక్కసారి.

యాదగిరి వెనక్కి తిరగలేదు. ఎడమ చెయ్యి వీపు వెనక్కి వచ్చింది. పంజా తెరుచుకుంది, మూసుకుంది.

ఆ తర్వాత ఆట నేను చూశాను. నా ఉద్యోగంలో గేటుకు వీపు పెట్టి ఆట చూసింది ఆ ఒక్కనాడే. వెనక అంత జనం ఉన్నా భయం వేయలేదు. ఆఖర్లో కుడి పక్క నుంచి ఒక బాల్ ఎత్తుగా వచ్చింది, సరిగ్గా సూర్యుడి లోంచి వచ్చినట్టే. నాకే కనపడలేదు, అతనికి కనపడిందా అంటే చెప్పలేను. ఒక చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, ఇంకో పిడికిలి పైకి ఎత్తి ఎగిరాడు. పిడికిలికి తగిలి బాల్ గోలు పై కమ్మీ మీదుగా దాటి నా కాళ్ళ దగ్గర పడింది. ఆట అయిపోయిందని విజిల్ మోగింది.

గ్యాలరీలు విరుచుకుపడ్డాయి. వెనక్కి చూస్తే బయట జనం ఇంకా కూర్చునే ఉన్నారు. ఏడుస్తున్నారు, ఒకరినొకరు పట్టుకుంటున్నారు, కానీ కూర్చునే. ముందు వరసలో పాలక్యాను మీదున్న ఒక ముసలాయన చెయ్యి ఎత్తి అడిగాడు.

"ఇగ లేవొచ్చునా ప్రకాశన్నా?"

నేను తల ఊపాను. నా పెళ్ళినాడు కూడా నేను అంత ఏడవలేదు.

చెప్పదలచుకున్నది

పిల్లలూ, ఆర్డర్ వస్తే దాన్ని పాటించండి. ఎందుకు వచ్చిందో కూడా తెలుసుకోండి. ఆ రోజు టికెట్టు లేని మనిషి ఒక్కడు కూడా లోపలికి రాలేదు. ఆ తర్వాత వేరే జట్ల ఆటలకూ ఆ ఆచారం అట్లాగే నిలిచింది, ఆఖరి పావుగంట గేటు తీసేవాళ్ళం, జనం రోడ్డు మీద కూర్చుని చూసేవాళ్ళు. జనాన్ని చూసి భయపడకండి. మనం వాళ్ళను నమ్మితే వాళ్ళకు ఆ సంగతి తెలిసిపోతుంది.

ఆ సాయంత్రం గుంపు కరిగాక యాదగిరి బయటికి వచ్చాడు, మోకాళ్ళ నిండా మట్టి. తండ్రి ఇంకా సీటులోనే ఉన్నాడు. దిగాలన్న ధ్యాస లేదు. కొడుకు మొహంలోకి చూస్తున్నాడు. ఈ మైదానంలో అతను కొడుకు మొహం చూడటం అదే మొదలు.

"కూసో బాపు, నేను తొక్కుత" అన్నాడు యాదగిరి హ్యాండిల్ పట్టుకుంటూ.

"పొద్దటి సంది నిలవడ్డవు. నువ్వే కూసో బిడ్డా."

మల్లేశం దిగి, ఎవరో పెద్ద సవారీ ఎక్కబోతున్నట్టు తువ్వాలతో సీటు దులిపాడు. యాదగిరి ఎక్కి కూర్చున్నాడు. రిక్షా ఏటి వెంబడి బహదూర్‌పురా దారి పట్టింది. ఇద్దరికీ ఎదురుగా ఎండ. ముందు తండ్రి వీపు, వెనక కొడుకు. మలుపు దగ్గర ఎవరో అడ్డం వచ్చారేమో, మల్లేశం గంట కొట్టాడు, ఒక్కసారి. రిక్షా హుడ్డు పక్క నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. పంజా ఒక్కసారి తెరుచుకుంది. తండ్రికి అది కనపడదు. నాకు కనపడింది. అందుకే మీకు చెప్తున్నాను.